అక్కడికెళ్ళి కూడా వంట నేనే చెయ్యాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా వారు గవర్నమెంటు ఉద్యోగి, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఈ దసరా సెలవులకి మొదటిసారి విదేశం వెళ్తున్నాం. మూడు రోజులు సింగపూర్, మూడు రోజులు కౌలాలంపూర్. మేమిద్దరం, 68 ఏళ్ళ మా అత్తగారు, పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి. అత్తగారు నీచు ముట్టరు. ప్యాకేజీలో హోటల్ టిఫిన్ ఒక్కటే ఉంది. రెండు పూటలా ఇండియన్ భోజనం కావాలంటే మనిషికి రోజుకి 1,800 అదనంగా కట్టమంటున్నారు ట్రావెల్స్ వాళ్ళు. ఐదుగురికి ఆరు రోజులకి 54,000. పోయిన ఏడాది వెళ్ళొచ్చిన మా ఆడపడుచు "టీ మూడొందలు, నీళ్ళ సీసా రెండొందలు, అక్కడ ఏదీ ముట్టుకోలేం" అని భయపెట్టింది. అప్పట్నుంచి మా వారు రైస్ కుక్కరు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళు పట్టుకెళ్దాం, గదిలో వండుకుంటే రూపాయి ఖర్చుండదు అంటున్నారు. నాకు ఏడుపొస్తోంది. ఇక్కడ ఏడాది పొడుగునా పొద్దున్న ఐదింటికి లేచి వండుతున్నాను. అక్కడికెళ్ళి కూడా నేనే వండాలా? అలాగని అంత డబ్బు తిండికి పోయాలంటే మనసొప్పడం లేదు.
— ఒక సోదరి, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. అక్కర్లేదు. అక్కడ మీరు వండక్కర్లేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది, లెక్క చూసే అంటున్నాను. ఆ లెక్క కింద వేస్తాను, మీ వారికి కూడా చూపించండి.

ఆయన "రూపాయి ఖర్చుండదు" అన్నారు. గదిలో వండితే ఖర్చు ఎక్కడికీ పోదు, మొత్తం వచ్చి మీ ఒక్కరి మీద పడుతుంది. ఐదుగురికి చిన్న కుక్కర్లో పూటకి రెండు వాయిలు. బాత్‌రూమ్ సింకులో గిన్నెలు తోముకోవడం. పిల్లలూ ఆయనా సాయంత్రం మెరీనా బే దగ్గర లైట్లు చూస్తుంటే మీరు "అన్నం వండాలి, పదండి" అని అందర్నీ గదికి లాక్కురావడం. అప్పుడు వాళ్ళ ముఖాలు మాడతాయి, ఆ తప్పూ మీదే అవుతుంది. విమానం టికెట్టు మీకూ వాళ్ళతో సమానంగానే కొన్నారు కదా. నలుగురికి సెలవు, ఒకరికి డ్యూటీ అయిన ప్రయాణంలో మిగిలిన డబ్బుని మిగులని నేను ఒప్పుకోలేను. మన ఇళ్ళలో ఖర్చుల పుస్తకంలో ఆడవాళ్ళ చాకిరీకి ఒక గడి ఉండదు, అందుకే అది మీ వారికి సున్నాలా కనబడుతోంది. ఆయన మీద కోపంతో అనడం లేదు. తోబుట్టువు చెప్పిన ధరలకి బెదిరిపోయి ఉంటారు. ఆ బెదురు పోతే కుక్కరు మాట కూడా పోతుంది.

అదీగాక, హోటళ్ళు ఒప్పుకోవు. రెండు ఊళ్ళలోనూ మామూలు హోటల్ గదుల్లో వంట చెయ్యనివ్వరు. పైకప్పుకి పొగ పసిగట్టే పరికరం ఉంటుంది. పోపు పెట్టారంటే అలారం మోగుతుంది, గది శుభ్రం చేయించిన ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేస్తారు. ఆయన దగ్గర ఈ మాటే ముందు ఎత్తండి. ఇది చెప్పాక మిగతావి వినడం తేలికవుతుంది.

ఇక ధరల సంగతి. మీ ఆడపడుచు చెప్పినవి అబద్ధాలేమీ కావు. ఆవిడ ఎక్కడ కొన్నారన్నది చూడాలి. యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు లోపలో, సెంటోసా బీచి మీదో, పెద్ద మాల్‌లో ఏసీ కాఫీ షాపులోనో అయితే టీకి అంతా అవుతుంది, అంతకంటే ఎక్కువా అవుతుంది. ఆ ఊరి ఆఫీసు వాళ్ళూ కూలి పనివాళ్ళూ తాగే చోట అదే టీ సుమారు డాలరున్నర. నేను సింగపూర్ డాలరుకి 70 రూపాయలు, మలేసియా రింగిట్‌కి 22 రూపాయలు అనుకుని లెక్క వేస్తున్నాను. రేటు రోజూ మారుతుంది, మీరు వెళ్ళే వారం చూసుకోండి.

డాలరున్నర అంటే 105 రూపాయలు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తాగే టీతో పోలిస్తే అదీ ఎక్కువే. కానీ అక్కడ బల్ల ముందు కూర్చుని ప్రతిదాన్నీ 70 పెట్టి గుణిస్తూ ఉంటే ముద్ద గొంతు దిగదు. పిల్లవాడు ఏదో అడుగుతాడు, మీ వారి పెదాలు లెక్కతో కదులుతాయి, వాడి ముఖం చిన్నబోతుంది. గుణకారాలన్నీ ఇక్కడే, బయల్దేరకముందే ఒక్కసారి చేసేసుకోండి. రోజుకింత అని డాలర్లలో పక్కన పెట్టుకోండి. అక్కడికెళ్ళాక ఆ కవర్లోంచి తీసి ఖర్చు పెట్టడమే పని.

తిండి ఖర్చుని అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది మీ హోటల్ ఉన్న పేట. ట్రావెల్స్ వాళ్ళు "త్రీ స్టార్" అని చెప్తారు గానీ ఎక్కడో చెప్పరు. గట్టిగా అడగండి. సింగపూర్‌లో లిటిల్ ఇండియా, ఫేరర్ పార్క్ చుట్టుపక్కల, కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ లేదా మస్జిద్ ఇండియా వైపు గది దొరికితే మీ సమస్య సగం తీరినట్టే. కిందికి దిగితే ఇడ్లీ, దోసె, అన్నం నడక దూరంలో ఉంటాయి. అత్తగారికి ఆకలేస్తే టాక్సీ ఎక్కక్కర్లేదు.

"హాకర్ సెంటర్" అన్న మాట ఇంట్లో అందరికీ నేర్పెయ్యండి. ఒకప్పుడు సింగపూర్ వీధుల్లో బళ్ళ మీద అమ్ముకునేవాళ్ళకి 1970, 80 దశకాల్లో ప్రభుత్వం నీళ్ళూ మురుగు కాలవా ఉన్న పెద్ద పెద్ద షెడ్డులు కట్టి కొట్లు ఇచ్చింది. ఇప్పుడు ఊరంతా అలాంటివి వందకి పైగా ఉన్నాయి. 2020లో యునెస్కో కూడా ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రతి కొట్టుకీ లైసెన్సు, తనిఖీ ఉంటాయి. రోడ్డు పక్క తిండి అని జంకక్కర్లేదు.

మీకు బాగా నప్పేది లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్. మెట్రో దిగిన పక్కనే. కింద అంతస్తులో ఒక వైపు మార్కెట్టు: కరివేపాకు రెమ్మలు, మునక్కాడలు, మంచు మీద చేపలు. రెండో వైపు వరసగా తిండి కొట్లు, ఒక్కో కొట్టు నెత్తి మీద బొమ్మలతో బోర్డు, బొమ్మ పక్కన ధర. మాట రాకపోయినా వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. ఒక కొట్లో మైదాపిండి ముద్దని నూనె రాసిన బల్ల మీద చేత్తో చరిచి, అంచు పట్టుకుని తిప్పుతూ అవతలి వస్తువు కనిపించేంత పల్చగా సాగదీసి, మడిచి పెనం మీద వేస్తారు. అదే ప్రాటా. సాదాది ఒకటి డాలరున్నర నుంచి రెండున్నర, పక్కన గిన్నెలో పులుసు. దోసె రెండు నుంచి నాలుగు డాలర్లు. చైనీయుల కొట్లో చికెన్ రైస్ నాలుగు నుంచి ఆరు. మీ అబ్బాయి ప్రాటా తిప్పేవాడి ముందు నుంచి కదలడు, చూడండి.

అక్కడి పద్ధతులు రెండు తెలిసి ఉండాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో కనిపిస్తే ఎవరో ఆ చోటు పట్టుకున్నారని అర్థం, దాన్ని పక్కకి జరిపి కూర్చోకూడదు. మీరూ ఒక ప్యాకెట్టు పెట్టి వెళ్ళండి, లేదా అత్తగారిని కూర్చోబెట్టండి. తిన్నాక పళ్ళేలూ గ్లాసులూ తీసుకెళ్ళి ట్రేలు పెట్టే అరల్లో పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి. బల్ల మీద వదిలేస్తే మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ చేస్తే జరిమానా. ఆ ట్రేల పని మీ వారికీ పిల్లలకీ అప్పగించండి.

టీ ఎలా అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే మన వైపు మనుషులకి పొద్దున్న టీ బాగోకపోతే రోజంతా బాగోదు. "టె" అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసి చిక్కగా, బాగా తియ్యగా ఇస్తారు. "టె సి" అంటే తీపి లేని డబ్బాపాలు, వేరే పంచదార. "టె ఓ" అంటే పాలు లేనిది. ఏదానికైనా చివర "కొసోంగ్" చేరిస్తే పంచదార వెయ్యరు. "టె హాలియా" అంటే అల్లం టీ. మీ అత్తగారికి సుగర్ ఉంటే "టె సి కొసోంగ్" అని ఒక చీటీ మీద తెలుగులో రాసి ఆవిడ పర్సులో పెట్టండి. మీరెవరూ పక్కన లేకపోయినా ఆవిడే అడిగి తాగుతారు.

హాకర్ సెంటర్లో బోర్డు మీద ఎంతుంటే అంతే కట్టాలి. ఏసీ రెస్టారెంటులో అలా కాదు. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే ఆగండి. ముందు 10 శాతం సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయని వాటి అర్థం. 100 డాలర్లకి తింటే 119 డాలర్ల 90 సెంట్లు కడతారు. చైనీస్ రెస్టారెంట్లలో కూర్చోగానే వేరుసెనగ గుళ్ళో ఊరగాయ ముక్కలో ఒక సాసరులో, పక్కన తడి టిష్యూలూ పెడతారు. మర్యాదకి పెట్టారనుకుంటాం, బిల్లులో అవీ వస్తాయి. వద్దంటే ఏమీ అనుకోకుండా తీసేస్తారు. మళ్ళీ టిప్పు ఇవ్వాలన్న మొహమాటం రెండు దేశాల్లోనూ అక్కర్లేదు.

మీది సముద్రం పక్క జిల్లా. మీ వారు పీతలంటే ఇష్టపడేవారైతే ఈ ముక్క జాగ్రత్తగా చదవమనండి. సింగపూర్ చిల్లీ క్రాబ్ చాలా పేరున్న వంటకం, పేరుకి తగ్గ ధరా ఉంది. మెనూలో ధర బదులు "సీజనల్ ప్రైస్" అనో, 100 గ్రాములకి ఇంత అనో రాస్తారు. ఆ 100 గ్రాముల ధర చూసి చవకే అనుకుని ఆర్డరిచ్చేస్తారు, కిలో పైన బరువున్న పీత వస్తుంది. ఒక్క పీతకే 100 డాలర్ల దాకా పోవచ్చు. తినొద్దని చెప్పడం లేదు. తూకం వేశాక "మొత్తం ఎంతవుతుంది" అని అడిగి, ఆ తర్వాతే వండమనండి. నా మాట వింటే మాత్రం పీతలు కళింగపట్నం నుంచి తెప్పించుకుని ఇంట్లో తినండి, అక్కడ టేకు చేప తినండి. హాకర్ సెంటర్లో అరిటాకు మీద కారం ముద్ద దట్టంగా పట్టించి కాలుస్తారు, పైన నిమ్మరసం పిండుకోవాలి. పదిహేను, ఇరవై డాలర్లలో నలుగురు రుచి చూడొచ్చు.

డబ్బు తెలియకుండా జారిపోయేది నీళ్ళ దగ్గర, జ్యూసుల దగ్గర. అక్కడ ఉక్క మన విశాఖ ఉక్కలాంటిదే, దాహం ఆగదు. మనిషికి రోజుకి రెండు సీసాలు, సీసా రెండు డాలర్ల చొప్పున కొంటే ఐదుగురికి రోజుకి 20 డాలర్లు. మూడు రోజులకి 60, అంటే 4,200 రూపాయలు ఉత్త నీళ్ళకి. సింగపూర్‌లో కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, అక్కడి జనం అవే తాగుతారు. తలా ఒక స్టీలు సీసా పట్టుకెళ్ళండి. విమానాశ్రయంలో తనిఖీకి ముందు ఖాళీ చేసి, లోపలికెళ్ళాక నింపుకోవచ్చు. కౌలాలంపూర్‌లో మాత్రం కుళాయి నీళ్ళు పచ్చివి తాగకండి. గదిలో కెటిల్‌తో కాచి చల్లార్చుకోండి, లేదా వీధి షాపులో లీటరున్నర సీసాలు కొనండి, అక్కడ అవి చవకే.

పిల్లల చేతికి రోజూ పొద్దున్నే చెరో ఐదు డాలర్లు ఇచ్చెయ్యండి. బబుల్ టీ తాగుతారో, చెరుకు రసం తాగుతారో, ఐస్‌క్రీమ్ తింటారో వాళ్ళిష్టం. అయిపోతే మళ్ళీ రేపే. పదో తరగతి పిల్ల తన డబ్బు తను లెక్కపెట్టుకుంటే మిమ్మల్ని ప్రతి షాపు ముందూ ఆపదు.

హోటల్ టిఫిన్‌కి ముందే డబ్బు కట్టారు, దాన్ని పూర్తిగా వాడుకోండి. ఇందులో ఒక చిక్కుంది. సింగపూర్, మలేసియా గడియారాలు మనకంటే రెండున్నర గంటలు ముందు. ట్రావెల్స్ బస్సు ఎనిమిదికని ఏడింటికి టిఫిన్‌కి వెళ్తే మన పొట్టకి అది తెల్లవారుజాము నాలుగున్నర. ఎవరికీ ఆకలి ఉండదు, కాఫీ తాగి లేచిపోతారు. పదిన్నరకి అందరికీ ఒకేసారి ఆకలి పుడుతుంది, అప్పటికి ఏ టికెట్టు చోట్లోనో ఉంటారు, అక్కడ ఏది కొన్నా రెట్టింపు. మొదటి రోజు బస్సు తొమ్మిదిన్నరకి పెట్టించుకోగలరేమో అడగండి. కుదరకపోతే వేయించిన పలాస జీడిపప్పు చిన్న చిన్న పొట్లాలు కట్టి తలా ఒకటి ఇవ్వండి. ఆ పదిన్నర గండం గడిచిపోతుంది. మెట్రో రైల్లో మాత్రం విప్పకండి. సింగపూర్ మెట్రోలో తినడం, తాగడం నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా ఉంది. నీళ్ళు కూడా దిగాకే.

ఇక మీ అత్తగారి సంగతి, ఇది కొంచెం వివరంగా చూడాలి. ఆవిడ ఆకలితో ఉంటే మీరెవ్వరూ సంతోషంగా తినలేరు. సింగపూర్‌లో ఇబ్బంది లేదు. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ లాంటి శుద్ధ శాకాహార హోటళ్ళున్నాయి. భోజనానికి మనిషికి పది డాలర్లు, ఆ పైన కాస్త అనుకోండి. సాంబారు, రసం, పెరుగు అన్నీ ఉంటాయి, తమిళ వంట కాబట్టి కారం మనకి చప్పగానే తోస్తుంది. అందుకే చిన్న సీసా ఆవకాయ, కాస్త కందిపొడి పట్టుకెళ్ళండి. బౌద్ధుల శాకాహార కొట్లూ చాలా ఉంటాయి, అక్కడ సోయాతో, గోధుమతో చేసినవి అచ్చం మాంసం ముక్కల్లా కనబడతాయి. ముందే ఆవిడకి చెప్పి ఉంచండి, లేకపోతే పళ్ళెం చూసి బెంబేలెత్తుతారు. మామూలు కొట్లో "కూరగాయల వేపుడు" అన్నా నమ్మకండి. చైనా వంటలో ఆల్చిప్పల సాసు, మలయ్ వంటలో బెలాచన్ అనే రొయ్యల ముద్ద కలుస్తుంటాయి. విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆవిడకి ఆధారంగా అటుకులు తీసుకెళ్ళండి. వేడి నీళ్ళు చిలకరించి, పెరుగు కలిపితే రాత్రి పూట చాలు. పెరుగు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, చాలా రకాల్లో తీపి, పళ్ళ ముక్కలు కలుపుతారు, "ప్లెయిన్" అని ఉన్నది చూసి తీసుకోండి. అటుకులు కలపడానికి వంటవాళ్ళెవరూ అక్కర్లేదు, అది వాళ్ళమ్మకి మీ వారే కలిపిపెడతారు. పచ్చడి సీసాని రెండు కవర్లలో చుట్టి విమానాశ్రయం కౌంటర్లో అప్పగించే పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్లు దాటిన పచ్చడిని తీసి పారేస్తారు. చికెన్, మటన్ పచ్చళ్ళు వద్దు, సింగపూర్ రానివ్వదు. గసగసాలూ, అవి కలిసిన మసాలా పొడులూ వద్దు, అక్కడ వాటిని మాదకద్రవ్యాల లెక్కలో చూస్తారు. చూయింగ్ గమ్ కూడా ఇంట్లోనే వదిలెయ్యండి.

కౌలాలంపూర్ వెళ్ళేసరికి మీ ప్రాణం తేలికపడుతుంది. తిండి సింగపూర్ ధరలో సగం కూడా ఉండదు. మామక్ కొట్లని ఉంటాయి, తమిళ ముస్లింలు నడిపేవి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్, అంటే అదే ప్రాటా, రెండు రింగిట్ల దగ్గర. టీని ఈ లోటాలోంచి ఆ లోటాలోకి ఎత్తుగా పోసి నురగ తెప్పించి ఇచ్చే టె తారిక్ రెండు, మూడు రింగిట్లు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం తినండి: అన్నం, మూడు కూరలు, అప్పడం, రసం, అన్నం మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. శాకాహారం అయితే పన్నెండు, పదిహేను రింగిట్లు. కొండ గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉన్న బతు కేవ్స్ మెట్ల కింద కూడా శాకాహార హోటళ్ళున్నాయి, ఆ రోజు మధ్యాహ్నం అక్కడే కానిచ్చెయ్యండి. అన్నం మీద రకరకాల కూరలు వేసిచ్చే నాసి కందర్ కొట్లో మాత్రం అద్దం వెనక కూరలన్నీ చూపించి ఇదీ అదీ వెయ్యమంటే పళ్ళెం చూసి ధర చెప్తారు. పెద్ద రొయ్య, చేపగుడ్లు వేయించుకుంటే ధర ఒక్కసారిగా లేస్తుంది, వెయ్యకముందే అడగండి.

మలేసియా మెనూ చదవడానికి ఈ కొన్ని మాటలు చాలు. ఆయామ్ కోడి, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెలూర్ గుడ్డు, కంబింగ్ మేక. దాగింగ్ అంటే మాంసమే గానీ అక్కడ మామూలుగా గొడ్డుమాంసం, లెంబు అన్నా అదే. మీకు పట్టింపు ఉంటే ఈ రెండూ గుర్తుంచుకోండి. పక్క బల్ల దగ్గర తెలుగు వినిపిస్తే పలకరించండి. మన ఉత్తరాంధ్ర నుంచి ఓడలెక్కి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడ చాలామంది ఉన్నారు. ఎక్కడ ఏం బాగుంటుందో వాళ్ళు చెప్పినట్టు ఏ ట్రావెల్స్ వాళ్ళూ చెప్పలేరు.

మందు గురించి మీరు అడగలేదు గానీ ఖర్చుల్లో అదీ ఒకటి కాబట్టి చెప్పాలి. రెండు దేశాల్లోనూ సుంకం బాగా ఎక్కువ. సింగపూర్ నది ఒడ్డు బార్లలో గ్లాసు బీరు 12, 15 డాలర్లు, దాని మీద ఆ రెండు కూడికలు. హాకర్ సెంటర్లో అందులో దాదాపు సగం ధరకి పెద్ద సీసా వస్తుంది. రాత్రి పదిన్నర నుంచి పొద్దున్న ఏడు వరకు బహిరంగ స్థలాల్లో తాగకూడదు, షాపుల్లో అమ్మరు. లిటిల్ ఇండియాలో వారాంతాల్లో ఇంకా కట్టుదిట్టం, శనివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దున్న దాకా రోడ్డు మీద, పార్కుల్లో తాగడం నేరం. మీ వారు పుచ్చుకునేవారైతే అది ఇంటి తిండి కవర్లోంచి కాకుండా ఆయన సొంత ఖర్చులోంచి వెళ్ళాలి. దీని గురించి బయల్దేరకముందే అనుకోండి.

డబ్బు కట్టడం గురించి: కొట్లలో నగదు అవసరం, చిన్న నోట్లు దగ్గరుంచుకోండి. కార్డు గీకినప్పుడు మెషిన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలు నొక్కితే రేటు చెడ్డగా వేస్తారు. మలేసియాలో రింగిట్లు నొక్కండి. మన యూపీఐ సింగపూర్‌లో కొన్ని షాపుల్లో నడుస్తుంది గానీ దాని మీదే ఆధారపడకండి.

ఇప్పుడు లెక్క. సింగపూర్‌లో ఐదుగురికి మధ్యాహ్నం హాకర్ సెంటర్లో తలా ఆరు చొప్పున 30 డాలర్లు, రాత్రి హోటల్లో తలా పది చొప్పున 50, టీలూ పిల్లల జేబు ఖర్చూ 20. రోజుకి 100 డాలర్లు, మూడు రోజులకి 21,000 రూపాయలు. యూనివర్సల్ స్టూడియోస్ రోజున లోపల తినక తప్పదు, దానికి ఇంకో 50 డాలర్లు కలపండి, 3,500. కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం 75 రింగిట్లు, రాత్రి 50, టీలూ నీళ్ళూ 25. రోజుకి 150 రింగిట్లు, మూడు రోజులకి 9,900 రూపాయలు. ఇవన్నీ కలిపితే 34,400. ఒక రాత్రి అందరూ ఇష్టపడి బాగా తినడానికి 8,000 పక్కన పెట్టండి. మొత్తం 42,400. ట్రావెల్స్ వాళ్ళు అడిగిన 54,000 కంటే 11,600 తక్కువ, ఆ 11,600 ముట్టుకోకుండా అత్యవసరానికి ఉంచుకోండి. మీరు గిన్నె పట్టుకోకుండా, ఎవరూ కడుపు మాడ్చుకోకుండా వచ్చిన లెక్క ఇది.

ట్రావెల్స్ భోజనాలు కొనొద్దనడానికి డబ్బొక్కటే కారణం కాదు. బస్సు ఎక్కడ తిప్పుతున్నా ఆ పూట ఆ హోటల్‌కే తిరిగి రావాలి, అందరికీ అదే పప్పు, అదే పనీర్ కూర. అంత దూరం వెళ్ళి మీ పిల్లలు ఆ ఊరి తిండి వాసన కూడా చూడకుండా వస్తారు. ఒక్క పూట మాత్రం వాళ్ళ దగ్గరే కొనండి. సింగపూర్ నుంచి కౌలాలంపూర్ చేరే రోజు రాత్రి. ప్రయాణం బడలికలో, కొత్త ఊళ్ళో, పెద్దావిడతో హోటల్ వెతుక్కోవడం కష్టం, అప్పుడు వండి సిద్ధంగా ఉన్న భోజనం నిజంగా అక్కరకొస్తుంది. కొన్ని ట్రావెల్స్ ఇలా విడి పూటలు ఇస్తారు, కొందరు మొత్తం తీసుకోమని పట్టుబడతారు, కాస్త బేరమాడాలి. విమానం టికెట్టులో భోజనం కలిసి ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. చవక విమానాల్లో ఉండదు, లోపల కొనేకంటే ముందుగా బుక్ చేసుకుంటే తక్కువ పడుతుంది, అత్తగారికి శాకాహారం అని అప్పుడే రాయించొచ్చు.

ఈ ఆదివారం మీరిద్దరూ ఒక కాగితం ముందు కూర్చోండి. హోటల్ ఏ పేటలో ఉంది, బస్సు పొద్దున్న ఎన్నింటికి, భోజనం ఒక్క పూటకి విడిగా ఇస్తారా అన్న మూడు సంగతులూ మీ వారి చేతే ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేయించి తేల్చండి. ఆఖరి విడత డబ్బు కట్టకముందే ఇవి మాట్లాడెయ్యాలి, కట్టేశాక ఏ మార్పు అడిగినా వాళ్ళు తేలిగ్గా ఒప్పుకోరు.